ఫోన్ ఇక్కడ, రోగం లోపల

ఆసుపత్రి కౌంటర్లలో చల్లటి ఏసీ కింద కూర్చుని, మెడలో ఫొటో కార్డు వేలాడేసుకుని, ఎదుటి మనిషి మొహం చూడకుండా కంప్యూటర్ మొహం చూస్తూ "పేరు? వయసు?" అని అడిగే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది. మీ పనే మీకంటే ముందు చేసినవాణ్ణి. నాకు ఏసీ లేదు, కార్డు లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక పెన్ను, కాగితం చీటీల కట్ట. వాటితోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు గారి గది తలుపు పక్కన పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాను. ఆ కాలంలో ఆరు కుర్చీలు విరిగాయి. నేను విరగలేదు. నా యాభై రెండో ఏట డాక్టరు గారు ఇక చాలని దవాఖాన బోర్డు దించేస్తే, నేనూ కుర్చీ దిగాను.

నేను ఏదైనా పెంచి చెప్తానని మా ఇంటావిడ అభియోగం. కాదనను. ఈ కథలో నేను మెట్లు నలభై అంటే మీరు ఇరవై అనుకోండి, జనం వంద అంటే అరవై అనుకోండి. మీర్‌పేట నుంచి వచ్చిన ఒకామె మాటలు మాత్రం తగ్గించుకోకండి. వాటిని పెంచేంత తెలివి నాకు లేదు. పేర్లు కూడా చెప్పను. అందరూ ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు. కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే నా పరువు నాకుండాలి.

మా దవాఖాన మొదటి అంతస్తులో, గాజుల కొట్టు పైన. మెట్లు నిచ్చెనకు అన్నలాంటివి. ఆరోగ్యంగా ఉన్నవాడు కింద బయలుదేరినా, పైకి చేరేసరికి టోకెన్ తీసుకోక తప్పని స్థితిలో ఉండేవాడు. డాక్టరు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. మనిషి ఇక్కడ కలిసిపోయాడు గానీ మాట అక్కడే ఉండిపోయింది. హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరుతోనే చిక్కు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది లోపల అరవై టోకెన్లు. మనిషికి మూడు నిమిషాలు. తలుపు తోయడానికి, చెప్పులు విప్పడానికి, 'నమస్తే సార్' అనడానికి పోను రోగానికి మిగిలేది నిమిషమున్నర.

ఆ నిమిషమున్నరను కాపాడటానికి నేను కనిపెట్టిన యంత్రాంగం చీటీ. పేషెంటు రాగానే బాధేమిటని అడిగి, వాళ్ళు చెప్పే పురాణమంతా విని, ఒక్క మాటలో రాసి లోపలికి పంపేవాణ్ణి. జ్వరం. షుగర్. నొప్పులు. గ్యాస్. అత్తగారి మీద కోపంతో మొదలై మోకాలి దగ్గర తేలే అరగంట కథను కూడా ఒక్క మాటకు పిండగలనని నాకు గర్వం. ఉన్న ఒకే ఒక్క సిస్టర్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, సూది ఎంత మెత్తగా వేసేదో మాట అంత లోతుగా దింపేది. "అన్నా, నువ్వు చెరుకు రసం బండి పెట్టుకోవాల్సినోడివి. పిండుడు మంచిగొస్తది" అనేది. నేను దాన్ని మెప్పనుకున్నాను.

తర్వాత ఫోన్ల కాలం వచ్చింది. జనం రోగంతో పాటు ఫోన్ కూడా తేవడం మొదలుపెట్టారు. ఒకసారి ఒక పెద్దమనిషి తన మోకాలి గురించి ఫోన్‌లో చూసి ఇరవై ప్రశ్నలు రాసుకొచ్చాడు. ఇరవయ్యోది మోకాలి గురించి కూడా కాదు. ఆయన వెళ్ళాక డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేను పదేళ్ళు చదివానయ్యా, ఆయన పది నిమిషాలు చదివాడు. మార్కులు మాత్రం ఆయనకే ఎక్కువొచ్చాయి" అన్నారు.

విసుగులో అన్న మాట. అక్కడితో వదిలేయాలి. కానీ పైవాళ్ళ విసుగును ఆజ్ఞగా తీసుకోవడం నాలాంటి చిన్న ఉద్యోగులకు పుట్టుకతో వచ్చే జబ్బు. మర్నాడు సిస్టర్ పక్కన పడేసిన స్టీలు ట్రే ఒకటి తెచ్చి తలుపు పక్కన స్టూలు మీద పెట్టాను. దాని పైన గోడకు అట్ట మీద ఎర్ర సిరాతో రాసిన బోర్డు తగిలించాను: "ఫోన్ ఇక్కడ పెట్టండి. రోగం మాత్రమే లోపలికి తీసుకెళ్ళండి."

ఆ రెండు వాక్యాలు రాశాక నాకు నేనే కవిగా కనిపించాను. డాక్టరు గారు చూసి, "ఏంటయ్యా ఇది, గుడి ముందు చెప్పుల స్టాండులాగా" అన్నారు గానీ, ఆ సాయంత్రం ఏడున్నరకే అరవై టోకెన్లూ అయిపోయాయి. ఆయన మరి మాట్లాడలేదు. ఆయన మౌనాన్ని సన్మానంగా భావించాను.

అలా ఆరేడు నెలలు నడిచాక, ఒక గురువారం సాయంత్రం మా మెట్ల మీద ఒక జంట కనిపించింది.

ఆయనకు నలభై అయిదుంటాయి. లారీల కింద ఉండే కమాన్ పట్టీలను సుత్తితో కొట్టి సరిచేసే పని, ఎల్.బి.నగర్ దాటాక ఉన్న ఆటోనగర్‌లో. చేతులు చూస్తే ఆ సుత్తి కూడా ఆయన వేళ్ళతోపాటే పుట్టిందేమో అనిపించేది. ఆమె మీర్‌పేటలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆయన కొన్ని మెట్లెక్కి ఆగాడు. దవడ పట్టుకున్నాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ ఆగాడు.

"ఏంది అన్నా, ఎవరెస్ట్ ఎక్కుతున్నవా? జెండా తెచ్చినవా లేదా?" అని పైనుంచి అరిచాను.

బెంచీల మీదున్న వాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. దవడ మీద చెయ్యి మాత్రం తీయలేదు. ఆయన భార్య నవ్వలేదు.

పైకి వచ్చాక చీటీ తీసి, "ఏం తకలీఫ్?" అన్నాను.

"గ్యాస్ సార్" అన్నాడాయన.

"గ్యాస్ గాదు సార్" అంది ఆమె. "నడిస్తె దవడ గుంజుతది. గీడ." తన దవడ కింద వేలు పెట్టి చూపించింది.

"దవడ గుంజితే పండ్ల డాక్టర్ కాడికి పోవాలె గదమ్మా."

"పోయినం. పన్ను పీకిండు. పన్ను పోయింది, గుంజుడు పోలే."

బెంచీలు మళ్ళీ నవ్వాయి. "మంచి పన్నే సార్" అన్నాడాయన, పోయిన చుట్టాన్ని తలుచుకున్నట్టు. "దాంతోనే బొక్కలు కొరికెటోణ్ణి."

నాకు ఆయన తెగ నచ్చాడు. నవ్వుతూనే చీటీ మీద రాశాను: గ్యాస్.

ఆమె ఫోన్ తీసింది. "జర గిది డాక్టర్ సార్‌కు సూపియ్యాలె."

పెన్నుతో బోర్డు వైపు చూపించాను.

"గిండ్ల రాసుకున్న సార్. సార్ ముందల కూసుంటె నాకు నోరు రాదు."

"రాసుకున్నదే నోటితోని చెప్పమ్మా. డాక్టర్ ఏమన్న పులా?"

ఆమె బోర్డును ఇంకోసారి చదివింది. ఫోన్‌ను ట్రేలో బోర్లా పెట్టింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

మా తలుపు ఎప్పుడూ పూర్తిగా మూసుకునేది కాదు. పంతొమ్మిదేళ్ళలో దిల్‌సుఖ్‌నగర్ సగం రహస్యాలు ఆ సందులోంచే నా చెవిలో పడ్డాయి. ఆరోజు పడ్డ మాటలు ఇవి.

"గ్యాసా? ఎన్నాళ్ళనుంచి?"

"నెల అయితాంది సార్."

"ఛాతీలో నొప్పిగానీ, బరువుగా ఉండడంగానీ ఉందా?"

"లేదు సార్." అది నిజమే. ఆయనకు ఛాతీలో ఏమీ లేదు.

"ఆయాసం వస్తుందా?"

"పని జేస్తే అందరికి ఒస్తది గద సార్."

డాక్టరు గారు నవ్వారు. "అదీ నిజమేలే."

"సార్, దవడ..." అంది ఆమె.

"నువ్వూకో. పన్ను ముచ్చట సార్‌కెందుకు" అన్నాడు భర్త.

"పన్ను తీయించారా? తీశాక కొన్నాళ్ళు లాగుతుందమ్మా, కంగారుపడకు" అన్నారు డాక్టరు గారు.

డాక్టరు గారు కడుపు నొక్కి చూశారు, బీపీ చూశారు. బీపీ బాగానే ఉంది. గ్యాస్ మాత్రలు రాసి, తగ్గకపోతే వారంలో రమ్మన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన ముందు ఒక చీటీ ఉంది, దాన్నే ఔనంటున్న మనిషి ఉన్నాడు.

బయటికి వచ్చాక ఆమె ఫోన్ తీసుకుని, మందుల కాగితం నా ముందు పెట్టింది. "సార్, గీ గోలీ దేనికి?"

"మింగెతందుకు" అన్నాను.

బెంచీలు మూడోసారి నవ్వాయి. ఒకే సాయంత్రం మూడుసార్లు నవ్వించగలిగిన నేను ఆ కుర్చీలో వృథా అయిపోతున్నానని కూడా అనుకున్నాను. ఆమె దిగి వెళ్ళి, కింద గాజుల కొట్టు ముందు నిలబడి కాగితం మీది అక్షరాలు ఒక్కొక్కటే ఫోన్‌లో కొట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది.

"చూసినవా సిస్టర్, మన డాక్టర్ మీద సీఐడీ నడుస్తున్నది" అన్నాను.

సిస్టర్ దూది చుట్టుకుంటూ తల ఎత్తకుండానే, "మొన్న నీ షుగర్ రిపోర్ట్ ఒస్తె నువ్వేం జేసినవ్ అన్నా? నల్లా ఇప్పి పెట్టి, బాత్‌రూంల కూసోని ముప్పావు గంట ఫోన్ సూసినవ్. డాక్టర్ సార్ నీకు పది అడుగుల దూరంల ఉన్నడు" అంది.

అది నిజం. డాక్టరు గారిని అడిగితే చెప్పేవారు. అడగలేదు. డాక్టరు చెప్పేటప్పుడు మన మొహం చూస్తాడు. ఫోన్ చూడదు. మన భయం మనకే తెలిసి ఊరుకుంటుంది. నేను సిస్టర్‌కు ఏదో వంకర జవాబు చెప్పి తర్వాతి టోకెన్ పిలిచాను.

సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, అయిదు ఇంకా కాకముందే ఆమె ఒక్కతే వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుట్టు మధ్యలో లేచి వచ్చిందన్నమాట.

"పేషెంట్ ఏడమ్మా?"

"రానన్నడు. డాక్టర్ సార్ గ్యాస్ అన్నడు గద, మళ్ల ఎందుకంటడు. మందుల కాగితంతోని కలిసొచ్చిన మీ చీటీని గోడ మొలకు గుచ్చిండు సార్. నేను నోరు తెరిస్తె దాన్ని సూపిస్తడు."

"పేషెంట్ లేకుండ టోకెన్ ఎట్లిస్తం? నువ్వు ఫోన్ల చూసి చూసి పరేషాన్ అయితున్నవ్. దాన్ని తలనొప్పని అడిగినా గుండె అంటది, క్యాన్సర్ అంటది. గట్ల రోగం పేర్లు ఎతుక్కుంట కూసుంటే ఎట్ల?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది. అరిచేవాళ్ళను పంపించడం నాకు వచ్చు.

"నేను రోగం పేరు కోసం సూడలే సార్. మాటల కోసం సూసిన. నేను ఒక్క జాకెట్ కొలత తీసుకునేతందుకే పది నిమిషాలు పడ్తది. మీ సార్ మూడు నిమిషాలల్ల మనిషినే కొలవాలె. ఆ మూడు నిమిషాలల్ల ఏది ముందుగాల చెప్పాలె, ఏది ఇడిసిపెట్టాలె, నాకెట్ల తెలుస్తది? ఫోన్ అడిగింది సార్. నడిస్తె ఒస్తదా, నిలవడితె పోతదా, ఎంతసేపు ఉంటది, ఎన్నొద్దుల సంది అని. గన్ని ముచ్చట్లు నన్ను ఇంకెవ్వరు అడగలే."

ఫోన్ నా చేతిలో పెట్టింది. ట్రేలో కాదు, చేతిలో. నేను చదివాను.

ఆమె నోటితో చెప్తే ఫోన్ రాసిన అక్షరాలవి. మొదటి పంక్తి ఇలా ఉంది: "సోమవారం. పాల ప్యాకెట్ కోసం పోయిండు. దావత్ గుంజింది. నిలబడ్డాడు. తగ్గింది." దాని కింద: "మంగళవారం. సుత్తి పని. రెండు దావతులు."

మా దగ్గర దావత్ అంటే విందు. నాకు నవ్వాగలేదు. "ఏందమ్మా, ఇన్ని దావతులు ఎవరిచ్చిండ్రు?"

"దవడ అంటె దావత్ అని రాస్తది సార్. మన మాట దానికి రాదు."

ఇంకా నవ్వుతూనే కింది పంక్తికి వెళ్ళాను. "గురువారం. దవాఖాన మెట్లు. నడుమల రెండుసార్లు నిలబడ్డాడు. పైన సార్ ఎవరెస్ట్ అన్నాడు. అందరూ నవ్విండ్రు. ఈయన దావత్ పట్టుకుని నవ్వాడు."

పంతొమ్మిదేళ్ళలో నా గురించి ఎవరైనా రాసింది అదొక్కటే. ఎంత పెంచి చెప్పే అలవాటున్నా, దానికి ఒక్క అక్షరం కలపడానికి నాకు చోటు దొరకలేదు.

ఆ కింద మెట్లు లేవు, పాల ప్యాకెట్ లేదు. "ఆదివారం. బాత్‌రూంకు పోయి వస్తే దావత్." అన్నిటికంటే కింద, ముందురోజుది: "అన్నం తిని కూర్చున్నకాడనే దావత్. పది నిమిషాలు. చెమటలు."

తలుపు పక్కన కూర్చుని కూర్చుని నాలాంటివాడికి కూడా కొంత వైద్యం అంటుతుంది. నొప్పి రాకుండా ఆయన నడవగలిగే దూరం రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందని నాకూ అర్థమైంది. టోకెన్ ఇవ్వలేదు. ఆమెను వెంటబెట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళి, ఫోన్‌ను డాక్టరు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. దావత్ అన్నచోట నవ్వలేదు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, రెండోసారి చదివారు. "కొందరికి గుండె నొప్పి గుండెలో రాదయ్యా, దవడలోనే వస్తుంది. నడిస్తే వచ్చి ఆగితే పోతోంది. ఇప్పుడు కూర్చున్నా వస్తోంది" అన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగారు. "ఇంత వివరంగా రాసుకుని, ఆ రోజే ఎందుకు చూపించలేదమ్మా?"

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా వీపు వెనక, ఆ గోడకే అవతలి వైపు, నా బోర్డు ఉంది.

ఆమె నా వైపు చూడలేదు. "యాదికి రాలే సార్" అంది.

డాక్టరు గారు ఉత్తరం రాశారు. ఎల్.బి.నగర్‌లోని పెద్దాసుపత్రికి ఫోన్ చేసి చెప్పారు. నాలుక కింద పెట్టే మాత్రలు నా చేతికిచ్చి, "నువ్వెళ్ళయ్యా. ఆయన్ని నడవనివ్వకు, మెట్లెక్కనివ్వకు. పని చేసేచోటు నుంచే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళు" అన్నారు. ఆమె భర్తకు ఫోన్ చేస్తూనే ఉంది. సుత్తి చప్పుడులో ఆయనకు వినపడదు.

నా స్కూటర్ మీద బయలుదేరాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోనగర్ సాయంత్రం పూట ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్తపేట దాటేసరికి నాకు మనవలు పుట్టినంత కాలం గడిచింది. సిగ్నల్ పడ్డప్పుడల్లా వెనక ఆమె ఫోన్‌లో రింగు పోవడం, అవతల ఎవరూ ఎత్తకపోవడం నాకు వినిపించేది.

షెడ్డులో ఆయన లారీ పక్కన సుత్తి ఎత్తి ఉన్నాడు. ఆ సుత్తి దిగేలోపల నేను ఒక అరుపు అరిచాను. ఆయన తిరిగి చూసి నవ్వాడు. "ఏంది సార్, ఎవరెస్ట్ దిగొచ్చినవా?"

"దవాఖానకు పోదాం పా అన్నా."

"ఎందుకు? గ్యాస్ అని నువ్వే రాస్తివి గద."

"తప్పు రాసిన."

నా జీవితంలో నేను పెంచకుండా చెప్పిన రెండు మాటలు అవి. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది. సుత్తి కింద పెట్టి, లారీ టైరు మీద కూర్చున్నాడు.

"తప్పని నాకెరుకనే సార్" అన్నాడు. "నేను గూడ ఫోన్ల సూసిన. దీనికి చెప్పలే. మొదట్ల గుండె అన్నది. కిందికి జరిపిన. మళ్ల గుండె అన్నది. ఇంకింత కిందికి జరిపిన. ఆఖరికి అడుగున ఒకకాడ గ్యాస్ గూడ అయ్యుండొచ్చు అన్నది. గక్కడ ఆపిన. మీ కాడికొచ్చి అదే చెప్పిన. నువ్వు రాసినవ్. డాక్టర్ సార్ గోలీలిచ్చిండు. ఇగ నాకు భయం పోయింది."

ఆమె ఆయన ముందు నేల మీద కూలబడింది. తిట్టలేదు. "ఒక్క మంచం మీద పండి, అటు తిరిగి నువ్వు, ఇటు తిరిగి నేను, ఇద్దరం ఒక్కటే సూసినం గదనయ్యా" అంది. "ఒకరికొకరం సూపెట్టుకోకపోతిమి."

ఆటో ఎక్కించాం. స్కూటర్ అక్కడే వదిలేసి డ్రైవర్ పక్కన సగం సీటు మీద నేను. వనస్థలిపురం దాటాక వెనక ఆయన మాట ఆగిపోయింది. తిరిగి చూస్తే దవడ పట్టుకుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. మాత్ర ఆమె చేతికిచ్చాను. ఆమె రేకు చింపేలోపలే ఆయన నోరు తెరిచి, నాలుక ఎత్తి, చిన్నపిల్లవాడిలా ఎదురుచూశాడు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో మా ముందు బస్సులు, వెనక లారీలు. ఆటో డ్రైవర్ కిందికి దిగి, తల పట్టుకుని, బస్సు డ్రైవర్‌ను ఏ బూతులు తిట్టాడో అవి ఇక్కడ రాయలేను గానీ, ఆ రోజు వాటికంటే పవిత్రమైన మాటలు నేను వినలేదు. బస్సు జరిగింది.

ఆసుపత్రిలో ఆయన్ని పడుకోబెట్టి తోసుకుంటూ తీసుకెళ్ళారు. బతికాడు. ముందే ఆ మాట చెప్తున్నాను, మిమ్మల్ని ఊరించడానికి ఇది సరైన చోటు కాదు. కానీ గుండెలో కొంత భాగం చచ్చిపోయింది. అది ఆ సాయంత్రమే చావలేదని, అంతకుముందు రెండు మూడు రోజుల్లోనే కొంత పోయి ఉంటుందని అక్కడి డాక్టరు చెప్పాడు. "ఒక వారం ముందు తెచ్చి ఉంటే" అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఆ వాక్యాన్ని నేను రోజూ పూర్తి చేసుకుంటాను.

మర్నాడు బోర్డు నేనే పీకేశాను. సాయంత్రం డాక్టరు గారు గది ముందు ఆగి గోడ మీది తెల్లటి మరక చూశారు. "బోర్డేదయ్యా?" అన్నారు. అప్పుడు చెప్పాను, ఆమె ఫోన్ ఆరోజు లోపలికి ఎందుకు రాలేదో. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆ మరక వైపే చూస్తూ, "రోజూ దాని ముందు నుంచే లోపలికి వెళ్ళానుగా. నేనూ చదివాను" అన్నారు.

ఆ తర్వాత చీటీ మీద ఒక్క మాట రాయడం మానేశాను. పేషెంటు ఏ మాట అంటే ఆ మాటే రాసేవాణ్ణి. 'గాబర గాబర', 'పాణం గుంజుడు', 'కాళ్ళల్ల చీమలు'. ఫోన్ తెచ్చినవాళ్ళను, "ఏం చూసినవ్, ఎందుకు చూసినవ్" అని అడిగేవాణ్ణి. టోకెన్లు నలభైకి తగ్గాయి. దొరకనివాళ్ళు నా మీద చదివిన శాపనార్థాలు ఫలించి ఉంటే నేను ఈపాటికి ఏడుసార్లు చచ్చి ఉండాలి.

అలా అడిగాక తెలిసింది, తమ్ముళ్ళూ. డాక్టరుకు పరీక్ష పెట్టడానికి ఫోన్ చూసుకొచ్చేవాళ్ళు వెయ్యికి ఒకరు. ఆ మోకాలి పెద్దమనిషి లాంటివాడు. మిగతావాళ్ళంతా వేరు. ఒకామె లోపల తెల్లకోటు ముందు నోరు పెగలదని ఇంట్లోనే మాటలు కూడబెట్టుకుంటుంది. ఒకాయన డాక్టరు చెప్పింది అర్థం కాక, మళ్ళీ అడిగితే కసురుకుంటారని, మెట్లు దిగి వీధిలో నిలబడి చూసుకుంటాడు. అక్కడ కూడా కసిరేవాడు పైన కుర్చీలో కూర్చున్న నేనే. ఇంకొకాయన తనకు కావలసిన జవాబు దొరికేదాకా కిందికి జరుపుతూనే ఉంటాడు. ఫోన్‌లో అబద్ధాలు కుప్పలుగా ఉన్నాయి, నాకు తెలుసు. కానీ వాటి దగ్గరికి వాళ్ళను తోసింది చాలాసార్లు మన మొహమే. మీ ముందుకు ఎవరైనా ఫోన్ పట్టుకుని వస్తే, అందులో ఉన్నది తప్పో ఒప్పో చూసేపని డాక్టరుది. ఆ మనిషి దేనికి భయపడి ఆ ఫోన్ తెరిచాడో చూసేపని మాత్రం మీది.

ఇక ఒక్కటి మిగిలింది. ఆమె ఆరోజు డాక్టరు గారి ముందు నన్ను కాపాడింది కదా. ఆ మాట నన్ను చాలా కాలం తిననివ్వలేదు. (ఇది పెంచి చెప్పడమే. తిన్నాను. కానీ రుచి లేదు.) ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున ధైర్యం చేసి మీర్‌పేటకు వెళ్ళాను.

చిన్న గది. గుమ్మం పక్కన కుట్టు మిషన్, దాని వెనక ఆమె. కింద చాప మీద, గోడకు దిండు పెట్టుకుని ఆయన. సుత్తి పట్టుకోవద్దని చెప్పారు. ఆమె కుట్టిన జాకెట్లకు ఆయన హుక్కులు కుడుతున్నాడు. ఆ వేళ్ళలో సూది ఎక్కడుందో కనిపించడం లేదు. హుక్కులు మాత్రం గీత గీసినట్టు వరసగా ఉన్నాయి.

"రా సార్, కూసో" అన్నాడు. "నాలుగు హుక్కులు కుట్టేసరికి దమ్మొస్తది. గప్పుడు అందరికి ఒస్తదంటి. ఇప్పుడు నా ఒక్కనికే ఒస్తున్నది."

టీ తాగాను. గ్లాసు కింద పెట్టి, ఆమెతో చెప్పాను. "అమ్మా, ఆరోజు నీ ఫోన్ ఆపింది నేను. డాక్టర్ అడిగితే యాదికి రాలేదన్నవ్. నా పేరు తీయలేదు. గంత పెద్ద మనసు నేనెక్కడ చూడలే."

ఆమె మిషన్ ఆపింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి కూడా లేదు. పని మధ్యలో లెక్క తప్పు చెప్పిన మనిషి వైపు చూసే చూపు.

"పెద్ద మనసెందుకుంటది సార్? మీ పేరు చెప్తే మీ సార్ మిమ్మల్ని తిట్టుకుంట కూసునేటోడు. మీరు సాకులు చెప్పుకుంట నిలవడేటోళ్ళు. నాకేమో బండి ఉన్నోళ్ళు గావాలె. ఈయన ఆడ సుత్తి కొడుతుండె."

ఆయన హుక్కు కుట్టడం ఆపి, ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె దారం పంటితో తెంపి, మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.